పేరు గడి

జనన మరణాల విభాగంల నాది మూడో కిటికీ.
పుట్టినోళ్ళు ఎడమ దిక్కు, పోయినోళ్ళు కుడి దిక్కు,
నడుమ నేను, ఒక ఇంకు ప్యాడు.

పేరు లేకుండనే వస్తరు మనుషులు.
ఎంజీఎంల పుట్టిన పిల్ల చేతికి చీటీ:
బేబీ ఆఫ్ స్వరూప, తేదీ, పూట, బరువు.
పేరు గడి ఖాళీ.
ఏడాది దాక ఊరికెనే రాయించుకోవచ్చు,
ఆ తర్వాత రుసుము కట్టాలె.
కొందరైతే బడిల వేసే నాడు ఉరికొస్తరు.

నిన్న పగటీలి రవళి వచ్చింది,
కరీమాబాద్ హమాలీ సారంగం బిడ్డ.
"మా నాయనమ్మ మరణపత్రం కావాలె సార్,
స్పెల్లింగు చూసుకోవాలె."
దేనికి బిడ్డా అంటే
"ఒక రాయికి పెట్టాలె" అన్నది.

సమాధి రాయి అనుకున్న.

కాదట.
తొమ్మిదో తరగతిల, బడి కంప్యూటర్ మీద
ఆకాశం ఫొటోలు నాలుగు
ఒకదాని ఎనుక ఒకటి తిప్పుతుంటే
చుక్కలన్నీ ఉన్నకాడనే ఉన్నయట,
ఒక్క నలక మాత్రం జరిగిందట.
ఇంటికి తెచ్చి చూపిస్తే ముసలామె
"పేను పాకినట్టున్నదే" అన్నదట.
దానికి అప్పుడు ఒక ఏడాది, రెండక్షరాలు, ఒక అంకె.
"మీ బేబీ ఆఫ్ స్వరూప లెక్కనే సార్."
తర్వాత కనిపించకుండ పోయింది.
మల్ల దొరికింది. మల్ల పోయింది.
సూర్యుని చుట్టు దాని తొవ్వ ఖాయమయ్యే సరికి
ఈ పిల్ల నర్సింగు చదువు ఒడిసింది.
ఇప్పుడు నంబరొచ్చింది. పేరు చెప్పుమన్నరు.

అక్కడ గూడ పద్ధతులున్నయట:
ఇంగ్లీషుల పదహారు అక్షరాలు దాటొద్దు,
నోరు తిరగాలె, ఎవ్వరినీ కించపరచొద్దు,
పెంపుడు కుక్కల పేర్లు వద్దు,
నాయకులైతే పోయి నూరేండ్లు గావాలె.
నవ్వొచ్చింది నాకు.
మా చౌరస్తాలకు నెల మాసికం చాలు.

"ఇంతకు ఏం పేరు?"
"పెంటమ్మ."

ఆమెకంటె ముందుగాల నలుగురు పుట్టి పోయిండ్రట.
ఐదో పిల్లను బొడ్డు కోసినంక
చాటల వేసి, పెంటకుప్ప మీద పెట్టి,
పక్కింటామెతోని చారెడు నూకలకు కొనిపిచ్చిండ్రట,
పారేసినదాన్ని సావు ముట్టదని.
ముట్టలే. డెబ్బయ్యారేండ్లు ముట్టలే.
ఎనుమాముల మార్కెట్ల మిరప తొడిమెలు తీసి తీసి
ఆమె చెయ్యి తాకితే పసిపిల్లలు ఏడ్చేటోళ్ళట.

"ఆ రాళ్ళు గూడ గంతే సార్.
గ్రహాలు కట్టంగ మిగిలిన పెల్లలు.
అంగారకుని అవుతల పారబోసిన కుప్ప.
పనికి రావని ఇడిసిపెడితే
అన్నిటికంటె పాతయి అవ్వే మిగిలినయి."

కుడి దిక్కు బీరువాల పదకొండో పుస్తకం.
సారంగం వేలిముద్ర పక్కన
నా చేతిరాత:
పద్మమ్మ.

యాదికొచ్చింది.
ఆ దినం ఆయన నోట్లనే గొణిగిండు పేరు.
"గిదేం పేరయ్యా, పోయినంకనన్న మంచిగుండనియ్యి" అన్న.
తలకాయ ఊపిండు. ముద్ర గుద్దిన.
అన్నారం దర్గాకు మొక్కితె పుట్టిన యాకయ్యను,
అడిగినోళ్ళకు యాదగిరి అని చెప్పుకున్న రోజులవి.

రవళి ఆ పేరు మీద వేలు పెట్టి
చానాసేపు నిలబడ్డది. కోపం చెయ్యలే.
"వాళ్ళు ఒప్పుకుంటరా బిడ్డా?"
"అర్థం గూడ రాసి పంపాలె సార్, నాలుగు ముక్కలు.
అది చదివినంక గదా ఒప్పుకునుడు."

వేళ్ళ మీద లెక్కపెట్టిన.
పి, ఇ, ఎన్, టి... ఎనిమిది.
ఇంకా సగం జాగ మిగిలింది.

ఆఫీసు ఖాళీ అయినంక సవరణ ఫారం తీసిన.
తప్పుగా నమోదైన పేరు, రాసిన.
అసలు పేరు, రాసిన.
కింద, కారణం అని ఒక గడి.

కంటికి ఆనని రాయి ఒకటి ఎక్కడ్నో
పేరు లేకనే తిరుగుతున్నది, దానికేం తొందర లేదు.
పెన్ను పట్టుకొని కూసున్నది నేను.